కారుకు పికప్ లేదంటే?

ఆ రోజు సాయంత్రం అక్కలందరూ కేంద్రానికి వచ్చారు. ఒక అక్క మాత్రం పుస్తకం తెరవలేదు. గోడకు ఆనుకొని కూర్చుంది.

"ఏమక్కా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను.

"ఒంట్లో బాగానే ఉంది టీచరమ్మా. ఇంట్లోనే బాగాలేదు" అంది.

ఆ అక్క పోయిన ఏడాది సంఘంలో అప్పు తీసుకొని కొడుక్కి ఒక పాత కారు కొనిచ్చింది. చిన్న పెట్రోలు కారు. పసుపు నంబరు ప్లేటు. పెళ్ళిళ్ళకు, ఆస్పత్రికి, రైలు స్టేషనుకు కిరాయికి తిప్పుతున్నాడు. వాయిదాలు సరిగ్గానే కడుతున్నారు. ఇప్పుడు ఆ అబ్బాయి కొత్త పేచీ పెట్టాడు.

"అమ్మా, బండికి పికప్ లేదు. ఎక్సలేటరు తొక్కితే ఒక్క క్షణం ఆగి అప్పుడు లేస్తోంది. కాలు తీసేస్తే ఇంజను మోత వెంటనే దిగదు. గేరు మార్చినప్పుడల్లా కుదుపు. పట్నంలో ఒక డబ్బా అమ్ముతున్నారు. అది పెట్టించి, ఫిల్టరు, సైలెన్సరు మారిస్తే బండి పరిగెత్తుతుందట. మొత్తం 22 వేలు" అన్నాడట.

"22 వేలంటే మళ్ళీ సంఘంలో చెయ్యి చాపాలి. ఇయ్యనంటే వాడు మూతి ముడుచుకుంటాడు. ఇస్తే అది నిజంగా పనికొస్తుందో లేదో నాకేం తెలుసు? కారు ఎక్కడమే తెలుసు గానీ, అది ఎట్లా నడుస్తుందో నాకేం ఎరుక?" అంది అక్క.

నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. నాకు తెలిసింది స్కూటీ ఒక్కటే. మా మేనమామ కొడుకు మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. ఆదివారం నాడు అక్కను, అక్క కొడుకును, కారును తీసుకొని బావ దగ్గరికి పోయాం. బావ చెప్పింది, కారుతో వచ్చిన పుస్తకంలో చదివింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇంజను లోపల ఏం జరుగుతుంది?

కాలితో తొక్కే కుట్టు మిషను మీరంతా చూశారు. కింద పలక పైకీ కిందికీ ఊగుతుంది. ఒక కడ్డీ ఆ ఊపును పక్కనున్న చక్రానికి అందిస్తుంది. చక్రం గుండ్రంగా తిరుగుతుంది. పైకీ కిందికీ ఊగేది గుండ్రంగా తిరిగేదిగా మారింది, అంతే. కారు ఇంజను కూడా ఇదే పని చేస్తుంది. తేడా ఒక్కటే. మిషనులో తొక్కేది మన కాలు. ఇంజనులో తొక్కేది మంట.

ఇంజనులో సిలిండర్లు ఉంటాయి. అంటే లావుపాటి గొట్టాలు అనుకోండి. ఈ కారులో నాలుగు ఉన్నాయి. ఒక్కొక్క గొట్టంలో ఒక పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టను కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు తుంపరనూ పీల్చుకుంటుంది. పైకి వస్తూ దాన్ని అదుముతుంది. అప్పుడు స్పార్కు ప్లగ్గు చిన్న నిప్పురవ్వ విసురుతుంది. గప్పున మండుతుంది. ఆ మంట పిస్టనును కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వస్తూ పిస్టను పొగను బయటికి నెట్టేస్తుంది. పీల్చు, అదుము, మండు, విడుచు. ఈ నాలుగు పనులే రోజంతా.

స్టీరింగు ముందు రెండు గుండ్రటి మీటర్లు ఉంటాయి. ఒకటి బండి వేగం చూపుతుంది. రెండోదాని మీద 1, 2, 3, 4, 5, 6 అని అంకెలుంటాయి. దాని మధ్యలో చిన్నగా ×1000 అని రాసి ఉంటుంది. అక్క దాన్ని వేలు పెట్టి చదివింది. "ఇంటూ వెయ్యి" అంది. సరిగ్గా అదే. ముల్లు 3 మీద ఉంటే, ఇంజను నిమిషానికి 3 వేల చుట్లు తిరుగుతోందని అర్థం. అంటే సెకనుకు 50 చుట్లు. అప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు మంట పుడుతుంది. నాలుగు సిలిండర్లకు 100 సార్లు. మనం ఒకసారి కన్ను మూసి తెరిచేలోపల ఎన్నిసార్లు మండుతుందో చూడండి!

బండి నిలబడి ఉండి, ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు ముల్లు ఒకటికి కొంచెం కింద ఉంటుంది. చివర ఎర్ర గీతలుంటాయి. అక్కడిదాకా ముల్లును పోనీయకూడదు.

మనం తొక్కేది పెట్రోలు కాదు, గాలి

ఎక్సలేటరు తొక్కితే పెట్రోలు ఎక్కువ పోతుందని మనం అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. బావ నవ్వాడు. "పెట్రోలు బండిలో నువ్వు తెరిచేది గాలి తలుపు. గాలి ఎంత వస్తే దానికి తగ్గట్టు పెట్రోలు తర్వాత కలుస్తుంది" అన్నాడు.

కట్టెల పొయ్యి గుర్తు చేసుకోండి. మంట మందగిస్తే ఏం చేస్తాం? కట్టెలు కుక్కం. ఊదుగొట్టం తీసుకొని ఊదుతాం. గాలి తగిలితే మంట లేస్తుంది. గాలి లేకుండా కట్టెలు కుక్కితే పొగ వస్తుంది. ఇంజనూ అంతే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు పధ్నాలుగున్నర కిలోల గాలి కావాలి. గాలిని కిలోల్లో తూచడం వింతగా ఉంది కదా. ఇంకోలా చెబుతాను. ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. మేడ మీద పెట్టే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు తొమ్మిది అన్నమాట.

ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

తీగ పోయింది, కంప్యూటర్ వచ్చింది

పాత కార్లలో ఎక్సలేటరుకు ఒక తీగ ఉండేది. సైకిలు బ్రేకు తీగలాంటిదే. కాలు తొక్కితే తీగ లాగేది. గాలి తలుపు తెరుచుకునేది. కాలు తీస్తే తలుపు టక్కున మూసుకునేది. మధ్యలో ఎవరూ లేరు.

ఇప్పటి కార్లలో ఆ తీగ లేదు. ఎక్సలేటరు కింద ఒక చిన్న పరికరం ఉంటుంది. కాలు ఎంత తొక్కిందో అది కొలిచి కంప్యూటరుకు చెబుతుంది. ఇంజను పక్కనే చిన్న పెట్టెలో ఆ కంప్యూటరు ఉంటుంది. అది లెక్క చూసుకొని ఒక బుల్లి మోటారుకు చెబుతుంది. ఆ మోటారు గాలి తలుపు తెరుస్తుంది. అంటే వెనుకట మనమే తలుపు తీసుకొని పోయేవాళ్ళం. ఇప్పుడు అర్జీ పెట్టుకోవాలి. అయితే ఆఫీసుల్లో లాగా రేపు రా, ఎల్లుండి రా అనదు. క్షణంలో చిన్న ముక్క మాత్రమే ఆలస్యం. ఆ ముక్కే అక్క కొడుక్కి కాలికి తెలుస్తోంది.

మరి కాలు తీసినా మోత వెంటనే ఎందుకు దిగదు?

కాలు తీయగానే గాలి తలుపు ఒక్కసారిగా మూసుకుంటే లోపల మంట సరిగ్గా మండదు. సగం మండిన పెట్రోలు పొగగా బయటికి పోతుంది. ఆ పొగ మనం పీల్చే గాలిలో కలుస్తుంది. దేశంలో పొగ నియమాలు ఏటికేడు గట్టి అయ్యాయి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా భారత్ స్టేజ్ 4 బండ్లే అమ్మాలన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఇంకా గట్టిదైన భారత్ స్టేజ్ 6 వచ్చింది. అందుకే కంప్యూటరు తలుపును మెల్లగా మూస్తుంది. ముల్లు కొంచెం సేపు పైనే వేలాడి తర్వాత దిగుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీ కారులోనో ఉన్న జబ్బు కాదు. చాలా కొత్త గేరు బండ్లలో ఉన్నదే. బండి చెడిపోలేదు. దాని తీరే అది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇంజను చివర ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాన్ని ఫ్లైవీలు అంటారు. తిరగలి తిప్పిన వాళ్ళకు దీని సంగతి బాగా తెలుసు. మొదట తిప్పడానికి చేతులు నొప్పి పుడతాయి. ఒకసారి ఊపు అందుకుంటే, చెయ్యి తీసినా ఒక చుట్టు దానంతట అదే తిరుగుతుంది. ఫ్లైవీలూ అంతే. బరువుంటే ఇంజను నిమ్మళంగా, కుదురుగా తిరుగుతుంది. కానీ తొందరగా లేవదు, తొందరగా దిగదు.

కొన్ని కార్లకు టర్బో అని ఒకటుంటుంది. ఇంజను విడిచిన పొగ ఊపుతో అది తిరిగి లోపలికి గాలి కొడుతుంది. పొగ పెరిగేదాకా అది లేవదు కాబట్టి అక్కడా చిన్న ఆలస్యం ఉంటుంది. ఈ కారుకు టర్బో లేదు. దాన్ని వదిలేద్దాం.

కుదుపు ఎందుకు వస్తోంది?

క్లచ్చి అంటే రెండు పళ్ళాలు. ఒకటి ఇంజను వైపు, ఇంకోటి చక్రాల వైపు. మామూలుగా రెండూ అతుక్కొని కలిసి తిరుగుతాయి. ఎడమ కాలితో క్లచ్చి తొక్కితే విడిపోతాయి. అప్పుడు గేరు మారుస్తాం. క్లచ్చి వదిలితే మళ్ళీ అతుక్కుంటాయి.

మొదటి గేరులో ఇంజను 3 వేల చుట్లు తిరుగుతోంది అనుకోండి. అదే వేగంలో రెండో గేరుకు వస్తే సుమారు 1600 చుట్లు చాలు. అంటే క్లచ్చి తొక్కి ఉన్న ఆ కాస్త సేపట్లో ముల్లు 3 నుంచి ఒకటిన్నర దగ్గరికి దిగాలి. పాత బండిలో గబుక్కున దిగేది. ఈ బండిలో మెల్లగా దిగుతుంది. అక్క కొడుకు అంతకు ముందు ఒకరి దగ్గర పాత జీపు తోలాడు. ఆ అలవాటుతో క్లచ్చి టక్కున వదిలేస్తున్నాడు. ఒక పళ్ళెం 2500 మీద ఉంది, ఇంకోటి 1600 మీద ఉంది. రెండూ ఒక్కసారిగా కరుచుకుంటే ఏమవుతుంది? బండి ముందుకు ఉలిక్కిపడుతుంది. వెనక సీట్లో గర్భిణీ ఉంటే ఆమె పాట్లు చెప్పక్కర్లేదు.

కదిలే బస్సు దిగేవాళ్ళను చూశారు కదా. (దిగకూడదు, అది వేరే సంగతి.) బస్సుతో పాటు నాలుగడుగులు పరిగెత్తినవాడు నిలబడతాడు. టక్కున ఆగాలని చూసినవాడు బోర్లా పడతాడు. క్లచ్చి పళ్ళాలకూ అదే లెక్క. ఇద్దరి వేగం కలిసేదాకా ఆగాలి.

బావ పక్కన కూర్చొని నేర్పించాడు. గేరు మార్చే ముందు ఎక్సలేటరు మీది కాలు కాస్త ముందే తీయాలి. తర్వాత క్లచ్చి తొక్కాలి. గేరు నిమ్మళంగా వేయాలి. క్లచ్చి సగం దాకా మెల్లగా వదిలి, అక్కడ ఒక్క రవ్వ పట్టి, పూర్తిగా వదలాలి. 3 వేలదాకా లాగకుండా 2 వేలకే గేరు మారిస్తే ముల్లు దిగాల్సిన దూరమే తక్కువ. నాలుగుసార్లు ఊరి చుట్టూ తిప్పాక కుదుపు సగం తగ్గింది. దీనికి పైసా ఖర్చు కాలేదు.

ఇంకో అలవాటు కూడా బావ కంటపడింది. గేరు మార్చనప్పుడు కూడా ఎడమ కాలు క్లచ్చి మీదే ఆనించి పెడుతున్నాడు. అట్లా చేస్తే పళ్ళాలు జారి జారి అరిగిపోతాయి. తొక్కినా ఇంజను మోత పెరుగుతుంది గానీ బండి కదలదు. క్లచ్చి మార్చాలంటే గేరు పెట్టె మొత్తం దించాలి. అది పెద్ద ఖర్చు.

డబ్బా కొనే ముందు చూడాల్సినవి

బావ బానెట్టు ఎత్తి ఎయిర్ ఫిల్టరు తీశాడు. అది మడతల మడతల కాగితంలాగా ఉంటుంది. ఇంజను పీల్చే గాలిలో దుమ్ము లేకుండా వడగడుతుంది. టీ వడపోసే జల్లెడ లాంటిది. అది ఎట్లా ఉందంటే, కళ్ళం ఊడ్చిన చీపురులాగా ఉంది. వరి కోతల రోజుల్లో ఊళ్ళ మధ్య తిరిగిన బండి కదా. దుమ్ము, ఊక, చచ్చిన పురుగులు. ఇందాక చెప్పాను, లీటరుకు 9 వేల లీటర్ల గాలి కావాలి అని. ఆ గాలంతా ఈ మూసుకుపోయిన జల్లెడలోంచి రావాలి. ఇక పికప్ ఎక్కడిది? కొత్తరకం కార్లలో ఫిల్టరు మూసుకుపోతే మైలేజీ కన్నా ముందు పికప్పే దెబ్బతింటుంది.

తర్వాత టైర్లు. డ్రైవరు తలుపు తీస్తే, తలుపు ఆనే చోట ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ టైరుకు ఎంత గాలి ఉండాలో దాని మీద ఉంటుంది. అక్క వంగి చదివింది. "32 అని ఉంది" అంది. మీటరు పెట్టి చూస్తే వెనక టైర్లలో 22 ఉంది. గాలి తక్కువైన టైరుతో బండి నడపడం ఇసుకలో సైకిలు తొక్కడం లాంటిది. పెట్రోలూ దండగ, టైరూ దండగ.

స్పార్కు ప్లగ్గులు తీసి చూశాడు. కొసలు అరిగిపోయాయి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారు పుస్తకంలో రాసి ఉంది. ఆ అంకె ఎప్పుడో దాటిపోయింది.

నాలుగోది మాత్రం అక్కే పట్టుకుంది. డ్రైవరు కాళ్ళ కింద రబ్బరు పట్టా ఉంది. దాని మీద ఇంకో మందపాటి పట్టా వేసుకున్నాడు అబ్బాయి, బురద అంటకుండా. "ఒరే, ఆ పలక కింద ఆనుతోంది చూడు" అంది అక్క. నిజమే. ఎక్సలేటరు పూర్తిగా కిందికి పోవడం లేదు, పట్టా అడ్డుపడుతోంది. బావ కూడా గమనించలేదు. ఇది పికప్ సంగతి మాత్రమే కాదు. పట్టా జరిగి ఎక్సలేటరు మీద పడితే అది తొక్కి పట్టినట్టే ఉండిపోతుంది. ప్రాణాల మీదికి వస్తుంది. పట్టా ఒక్కటే ఉండాలి. జరగకుండా కొక్కేనికి తగిలించి ఉండాలి.

మరి ఆ డబ్బా సంగతి ఏమిటి?

ఆ డబ్బాను ఎక్సలేటరు పరికరానికీ కంప్యూటరుకూ మధ్య బిగిస్తారు. మనం సగం తొక్కితే అది కంప్యూటరుకు "ముప్పావు తొక్కాడు" అని చెబుతుంది. గాలి తలుపు ఎక్కువ తెరుచుకుంటుంది. బండికి బలం వచ్చినట్టు అనిపిస్తుంది.

బలం రాలేదు. తవ్వ అడుగున గుడ్డ పెట్టి బియ్యం కొలిస్తే తవ్వ తొందరగా నిండుతుంది. బియ్యం పెరిగాయా? ఇదీ అంతే. కాలు పూర్తిగా తొక్కితే డబ్బా ఉన్నా లేకున్నా ఒకటే. పైగా సందుల్లో, జనంలో, వానలో మెల్లగా పోవాల్సిన చోట కాలు కాస్త తగిలితే బండి దూకుతుంది. కిరాయి బండికి ఇది ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

రెండోది, తెరిచి ఉంచే ఫిల్టరు. చూడ్డానికి ఎర్రగా, పెద్ద గరాటులాగా ఉంటుంది. పెడితే ఇంజను పీల్చే శబ్దం గట్టిగా వినిపిస్తుంది. కుర్రవాళ్ళు ఆ శబ్దానికే పడిపోతారు. కానీ కంపెనీ పెట్టిన ఫిల్టరు పెట్టె బయటి చల్లగాలిని పీల్చేటట్టు అమర్చి ఉంటుంది. ఈ తెరిచిన ఫిల్టరు బానెట్టు కింది వేడిగాలిని పీలుస్తుంది. వేడిగాలి పలచన. పలచని గాలితో మంట పలచన. మన ఎండల్లో మధ్యాహ్నం పూట ఉన్న బలం కూడా తగ్గవచ్చు.

మూడోది సైలెన్సరు. దాని దారిలో పొగను శుద్ధి చేసే ఒక పెట్టె ఉంటుంది. ప్లాటినం వంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది అందులో. విషపు పొగను చాలావరకు అక్కడే విరిచేస్తుంది. దాన్ని పీకేసి మోత గొట్టం పెడితే పొగ పరీక్షలో బండి తప్పుతుంది. ఊరంతా తిడతారు. ఆస్పత్రికి తీసుకుపోయే రోగి నిద్రపోలేడు.

ఇంకా పెద్దవి కూడా ఉన్నాయి. కంప్యూటరులోని లెక్కలను తిరగరాయడం ఒకటి. టర్బో బండ్లలో దీనితో నిజంగానే బలం పెరుగుతుంది. టర్బో లేని చిన్న బండిలో పెరిగేది కొంచెమే. కంపెనీ వారంటీ ఉంటే అది పోవచ్చు. తేలికపాటి ఫ్లైవీలు వేయడం ఇంకొకటి. ఇంజను టక్కున లేస్తుంది, టక్కున దిగుతుంది. అబ్బాయి కోరుకున్నది అదే. అయితే తిరగలి రాయి తేలికైతే కుదురు పోయినట్టు, ఎత్తు మీద బండి కదిలించేటప్పుడు ఇంజను ఊరికే ఆగిపోతుంది. దీనికీ గేరు పెట్టె దించాలి. పందాలకు పోయేవాళ్ళ పని అది.

మార్పులు చేయడమే తప్పని నేను అనడం లేదు. అసలు కారుకు మొదట మార్పులు చేయించిన వాళ్ళలో ఒక ఆడమనిషి ఉంది. ఆమె పేరు బెర్తా బెంజ్. జర్మనీ దేశం. ఆమె భర్త కార్ల్ బెంజ్ పెట్రోలుతో నడిచే మూడు చక్రాల బండి తయారు చేశాడు. 1888 ఆగస్టులో బెర్తా భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని ఆ బండిలో పుట్టింటికి బయలుదేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు. సుమారు 105 కిలోమీటర్లు. అప్పటికి పెట్రోలు బంకులే లేవు. దారిలో ఒక మందుల షాపులో, మరకలు తుడవడానికి అమ్మే ద్రవం కొని బండిలో పోసింది. ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత తోలు కొట్టించింది. ఎత్తు రోడ్లు ఎక్కేటప్పుడు బండి బలం చాలక కొడుకులు దిగి తోయాల్సి వచ్చింది. ఇంటికి వచ్చాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు ఉండాలని భర్తకు చెప్పింది. మొదట బ్రేకు, తర్వాత గేరు. ఆమె చేయించిన మార్పుల వరుస నాకు నచ్చింది.

బావ చెప్పింది కూడా అదే వరుస. చేతిలో డబ్బుంటే ముందు బ్రేకు ప్యాడ్లు, మంచి టైర్లు. అవి కూడా కంపెనీ చెప్పిన కొలతవే. పికప్ సంగతి ఆ తర్వాత.

చట్టం ఏమంటుంది?

ఈ ముక్క అబ్బాయిలకు తప్పకుండా చదివి వినిపించండి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ తయారు చేసినప్పుడు ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. అనుమతి లేని మార్పు చేయించిన బండి యజమానికి ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలలదాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మోత, పొగ నియమాలు మీరితే 10 వేలదాకా జరిమానా వేరే ఉంది. మూడు నెలలు లైసెన్సు కూడా చెల్లదు.

ఇక్కడ ఒక మాట గమనించండి. యజమాని అంటే ఎవరు? ఆర్.సి. మీద ఎవరి పేరుంటే వాళ్ళు. అక్క ఆర్.సి. కార్డు తీసి చూసుకుంది. దాని మీద ఉన్నది అక్క పేరే! సంఘం అప్పు అక్క పేరు మీదే కదా తెచ్చింది. కొడుకు సరదా పడితే జరిమానా అక్క కట్టాలి.

అన్ని మార్పులూ నిషేధం కాదు. ప్రభుత్వ అనుమతి ఉన్న గ్యాసు కిట్టు పెట్టించుకోవచ్చు. వికలాంగులు నడపడానికి వీలుగా మార్పించుకోవచ్చు. కానీ ఆర్.టి.ఓ. ఆఫీసులో అనుమతి తీసుకొని ఆర్.సి.లో రాయించుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్ళకు కూడా చెప్పాలి. చెప్పకుండా మార్చి, తర్వాత బండి గుద్దుకుంటే, ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు ఇవ్వం అని పేచీ పెట్టవచ్చు. కిరాయి బండిని ఎఫ్.సి.కి తీసుకుపోతే బ్రేకు ఇన్‌స్పెక్టరు చూస్తాడు. అక్కడ ఆపేస్తే బండి ఇంట్లో కూర్చుంటుంది. వాయిదా మాత్రం కూర్చోదు.

లెక్క ఎంతయింది?

బావ చీటీ రాసిచ్చాడు. అక్క దాన్ని కేంద్రంలో అందరికీ చదివి వినిపించింది. ఎయిర్ ఫిల్టరు 450. ప్లగ్గులు నాలుగు, 600. కూలి 200. టైర్ల గాలికి 20. మొత్తం 1,270 రూపాయలు. చుట్టమైనా కూలి మాత్రం బావ వదల్లేదు. అది న్యాయమే.

అబ్బాయి ఇప్పుడు ఎట్లా ఉన్నాడని అడుగుతారేమో. పికప్ బాగుపడిందని ఒప్పుకున్నాడు. ముల్లు వేలాడడం మాత్రం పోలేదు, పోదు కూడా. "పాత జీపంత చురుకు లేదు" అని ఇప్పటికీ సణుగుతాడు. మోత సైలెన్సరు మీద వాడి మనసు పూర్తిగా పోలేదని అక్క అనుమానం. పొద్దున్నే బండి స్టార్టు చేసి ఊరికే రేజ్ చేసే అలవాటు ఉండేది. చల్లటి ఇంజనులో ఆయిలు అన్ని మూలలకూ చేరకముందే రేజ్ చేస్తే లోపల అరుగుతుందని కారు పుస్తకంలో ఉన్న పేజీ తీసి అక్క వాడి ముందు పెట్టింది. వాడు రెండుసార్లు చదువుకున్నాడట.

ఇప్పుడు ఆదివారాలు అక్క కూడా నేర్చుకుంటోంది. చెరువు గట్టు అవతల ఖాళీ స్థలం ఉంది. కొడుకు పక్క సీట్లో కూర్చుంటాడు. ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి కదా, దానికి రోడ్డు గుర్తుల పరీక్ష ఉంటుంది. ఆ గుర్తుల పుస్తకం తెచ్చి కేంద్రంలో పెట్టాను. ఇంకో ముగ్గురు అక్కలు కూడా దాన్ని అడిగి తీసుకుపోయారు. మొదటి ఆదివారం అక్క క్లచ్చి వదిలితే బండి నాలుగుసార్లు ఆగిపోయింది. ఐదోసారి కదిలింది. "ముల్లు చూడమ్మా, ముల్లు చూడు" అని కొడుకు అరుస్తుంటే, "రోడ్డు చూడొద్దా మరి?" అందట అక్క.